మాంటిస్సోరమ్మ బడిలో హోంవర్కు లేదు

మన అనంతపురం పక్క ఏ టౌనుకు పోయినా ఒక మాంటిస్సోరి స్కూలు బోర్డు కనపడతాది. పల్లెలకు కూడా స్కూలు వ్యాన్లు వస్తాండాయి. సాయంత్రం వ్యాను దిగే ఐదేండ్ల పిల్లోడు బ్యాగు నిండా హోంవర్కు మోసుకోనొస్తాడు. ఆ బోర్డు మీద పేరు ఎవురిదో తెలిస్తే, ఈ రెండూ ఎట్ల కలిసినాయప్పా అనిపిస్తాది. అందుకే ఆయమ్మ బతుకు చెప్తాండా.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టింది. ఆడపిల్లకు డాక్టరు సదువేందని అడ్డం పడే కాలంలో, 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా తీసుకునింది. మొదట పనిచేసింది బుద్ధి ఎదగలేదని లోకం పక్కన పెట్టిన పిల్లోళ్లతో. చేతికి పని ఇస్తే వాళ్లూ నేర్చుకుంటారని ఆడ తెలుసుకునింది. 1898లో పెండ్లి కాకుండానే కొడుకు పుట్టినాడు. ఆ కాలం కట్టుబాట్లకు బయపడి బిడ్డను వేరే వాళ్లింట్లో పెంచాల్సొచ్చింది.

1907 జనవరి 6న రోమ్‌లో సాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆయమ్మ బడి మొదలైంది. అమ్మానాయన కూలికి పోతే పిల్లోళ్లు మెట్ల మీద తిరుగుతా గోడలు పాడు చేస్తాండ్రి. ఆ ఇండ్ల యజమానులు ఒక గది ఇచ్చి, వాళ్లను చూసుకోమన్యారు. అమ్మానాయన బెంగళూరుకు కూలికి పోతే అవ్వ కాడ మిగిలే మన పిల్లోళ్ల మాదిరే అనుకోండి.

ఆ గదిలో ఆయమ్మ పిల్లోళ్ల ఎత్తుకు తగ్గ చిన్న కుర్చీలు ఏపిచ్చింది. ఊడ్చేది, కడిగేది, నీళ్లు పోసేది పాఠాలే అయినాయి. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరిచ్చి ఇచ్చింది. వాటిని వేలితో తడిమి తడిమి, ఒకనాడు పిల్లోళ్లు తమంతట తామే రాసిరి. బహుమానం లేదు, దండన లేదు. ఇంటికి రాతపని మోపేది ఆ పద్ధతిలోనే లేదు.

ముసోలినీతో చెడినాక ఇటలీలో ఆయమ్మ బడులు మూతపడినాయి. 1939లో, 69 ఏండ్ల వయసులో, దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే మద్రాసు అడయారుకు వచ్చింది. అప్పుడు మన అనంతపురం కూడా మద్రాసు కిందనే ఉండె. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి ఇంగ్లీషోళ్లు కొడుకు మారియోను శత్రుదేశం వాడని నిర్బంధించిరి. ఆయమ్మ 70వ పుట్టినరోజుకు వదిలిపెట్టిరి. 1946 దాకా ఈ దేశంలోనే ఉండి, వెయ్యి మందికి పైగా అయివార్లకు శిక్షణ ఇచ్చింది. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్ను మూసింది.

ఇప్పుడు మన కత. అమ్మానాయన సదువుకున్న ఇంట్లో హోంవర్కు వాళ్లే చేపిస్తారు. సదువు రాని ఇంట్లో పిల్లోడు ఏడ్సాల, లేకుంటే ట్యూషనుకు దుడ్లు కట్టాల. అంటే హోంవర్కు పిల్లోడి తెలివిని కాదు, ఇంటి తాహతును కొలుస్తాది.

నాయనను తప్పు పట్టలేము. వాన మీద నమ్మకంతో అప్పు చేసి ఫీజు కట్టినాడు. నోటుబుక్కు నిండితేనే సదువు చెప్తాండారని ఆయన లెక్క. బడులకూ ఆ లెక్క తెలుసు.

పెద్ద తరగతుల సంగతి వేరే. ఆరేండ్ల లోపల పిల్లోళ్లకు మాత్రం ఇంట్లోనే కావాల్సినంత సదువుంది. నాలుగు బుడ్డలు ఒలిచి గింజలు లెక్కపెట్టనీ. కొర్రలు, కందులు వేరు చేయనీ. బిందెలోంచి చెంబుకు నీళ్లు ఒలక్కుండా పోయనీ. ఇది కూలిపని కాదు, వాడికి ఇష్టమున్నంత సేపే. రోమ్‌లో ఆయమ్మ చేపిచ్చింది ఇట్లాంటిదే.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈసారి బడి మీటింగుకు నాయనతో పాటు మీరూ పోండి. ఆ పేరు బోర్డు మీద ఎందుకు పెట్టుకున్యారో, బ్యాగులో ఈ రాతపని ఎందుకు పెడతాండారో మర్యాదగా అడగండి.