ఆలీపూర్ రోడ్డు ఇంట్లో అయిదేళ్ల పని

ఏటా డిసెంబర్ 6న దాదర్ చైత్యభూమికి లక్షల మంది వస్తారు. శివాజీ పార్కు చుట్టూ పుస్తకాల దుకాణాలు వెలుస్తాయి. అక్కడ ఎక్కువగా కనిపించే పుస్తకాల్లో ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ఒకటి. దాన్ని రాయడానికి బాబాసాహెబ్‌కి అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లలో ఆయన ఒంట్లో బాగున్న రోజులు తక్కువ. అచ్చయిన ప్రతిని ఆయన చూడలేదు.

1950లో మహాబోధి సొసైటీ పత్రికలో బౌద్ధం భవిష్యత్తు మీద ఆయన ఒక వ్యాసం రాశారు. బౌద్ధ సాహిత్యం ఒక మనిషి జీవితకాలంలో చదవలేనంత విస్తారం, సామాన్యుడి చేతిలో పెట్టడానికి ఒక్క గ్రంథం కావాలి అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. అలాంటి గ్రంథం ఎవరో ఒకరు రాస్తారని ఎదురుచూడలేదు. 1951లో తానే మొదలుపెట్టారు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో హిందూ కోడ్ బిల్లును పక్కన పడేసినందుకు న్యాయశాఖ మంత్రి పదవి వదిలేశారు. 1952 ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓటమే. ఈ మధ్యలోనే 1952లో కొలంబియా విశ్వవిద్యాలయం, 1953 జనవరిలో మన ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. రాజకీయాల్లో ఓడి తీరిక దొరికాక మతం మీద పుస్తకం రాసుకున్నారని కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. పుస్తకం మొదలైనది ఓటములకు ముందే. తీరిక మాటకొస్తే, రాజ్యసభ, షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్, బొంబాయి సిద్ధార్థ కళాశాల, ఔరంగాబాద్ మిళింద్ కళాశాల, ఇవన్నీ ఆయన నెత్తి మీదే ఉన్నాయి.

ఇక శరీరం. చక్కెర వ్యాధి చాలా ఏళ్లుగా ఉంది. కాళ్లలో నరాల నొప్పులు నిద్ర పోనిచ్చేవి కావు. చూపు మందగించింది. చివరి రెండేళ్లలో మనిషి ఆసరా లేకుండా నడవడం కష్టమైంది. ఢిల్లీలో 26 ఆలీపూర్ రోడ్డు ఇంట్లో రోజులు ఇలా గడిచేవి. భార్య సవిత స్వయంగా డాక్టరు. మందులు, పథ్యం ఆమె చూసుకునేవారు. నానక్ చంద్ రత్తు అనే పంజాబీ దళిత యువకుడు పగలు ప్రభుత్వ ఉద్యోగం చేసుకుని, సాయంత్రం నేరుగా ఇక్కడికొచ్చి రాత్రి పొద్దుపోయేదాకా టైపు కొట్టేవాడు. బాబాసాహెబ్ రాయడం, రత్తు టైపు చేయడం, ఆ కాగితాలను ఆయన మళ్లీ దిద్దడం, మళ్లీ టైపు. ఒకరి అలసట మీద ఇంకొకరి అలసట. ఆ పుస్తకంలో రత్తు కళ్లు, వేళ్లు కూడా ఉన్నాయి.

త్వరగా ముగించాలనుకుంటే దారి లేకపోలేదు. పాలీ గ్రంథాల్లోని కథలను వరుసగా పేర్చి ఇంగ్లీషులో చెబితే ఏడాదిలో పుస్తకం తయారయ్యేది. ఆయన ఆ పని చేయలేదు. ఉపోద్ఘాతంలోనే నాలుగు చిక్కు ప్రశ్నలు వేసుకున్నారు. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? నాలుగు ఆర్య సత్యాలు నిజంగా బుద్ధుడి బోధేనా? ఆత్మ లేదన్నవాడు కర్మను, పునర్జన్మను ఎలా ఒప్పుకుంటాడు? భిక్షువు తన మోక్షం కోసమా, జనసేవ కోసమా?

మొదటి ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు చూడండి. ముసలివాడు, రోగి, శవం కనబడి విరక్తి కలిగిందనే కథను కాదన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక మనిషికి చావు కనబడలేదంటే నమ్మేదెలా? దాని బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ నడిచిన తగాదాను ముందుకు తెచ్చారు. యుద్ధానికి సిద్ధార్థుడు ఒప్పుకోలేదు, సంఘం తీర్పుకు కట్టుబడి దేశం విడిచాడు. పొలానికి నీళ్లు ఎవరికి ముందు అనే గొడవ నుంచి బుద్ధుడి ప్రయాణం మొదలవుతుంది. మహాడ్ చెరువు దగ్గర నీళ్ల కోసం నిలబడ్డ మనిషికి ఈ కథ ఎందుకు ముఖ్యమనిపించిందో వేరే చెప్పాలా? ఇలా ప్రతి చోటా ఆగి, అడిగి, తేల్చుకుంటూ పోతే అయిదేళ్లు పట్టదా?

1956 మొదటి నెలల్లో కూడా కొత్త భాగాలు చేరాయి, పుస్తకం పేరూ మారింది. అప్పటికి అచ్చు ఖర్చు బెంగ మొదలైంది. ఆ ఏడాది బుద్ధుడి 2500వ జయంతిని కేంద్ర ప్రభుత్వం ఘనంగా జరుపుతోంది. సెప్టెంబర్ 14న ఆయన నెహ్రూకి ఉత్తరం రాశారు. ఉత్సవాలకు వచ్చే పండితులకు, గ్రంథాలయాలకు పంచడానికి 500 ప్రతులు కొనమని అడిగారు. మర్నాడే జవాబు వచ్చింది. ప్రచురణలకు కేటాయించిన డబ్బు అయిపోయింది, ఉత్తరాన్ని ఉత్సవ సంఘం అధ్యక్షుడు రాధాకృష్ణన్‌కు పంపుతున్నాను అని దాని సారాంశం. ప్రభుత్వం ఆ ప్రతులు కొనలేదు. ఈ ఉత్తరాలు చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడైన మనిషి, నడవలేని స్థితిలో, తన పుస్తకాలు కొనమని అడగాల్సి వచ్చింది. తన పుస్తకాలన్నీ బతికుండగా అచ్చులో చూడలేనేమోనని ఆ రోజుల్లో ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారని రత్తు తర్వాత రాశాడు.

అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష, రెండు రోజులకు చాందాలో మళ్లీ దీక్ష. నవంబర్‌లో కాఠ్‌మాండూ బౌద్ధ మహాసభలో బుద్ధుడినీ మార్క్స్‌నూ పోల్చుతూ ప్రసంగం. అక్కణ్ణుంచి వారణాసి, కుశీనగర్. నెలాఖరుకి ఢిల్లీ చేరేసరికి మనిషి బాగా నీరసించిపోయారు.

డిసెంబర్ 5 రాత్రి కొందరు జైన ప్రతినిధులు వచ్చి మాట్లాడి వెళ్లారు. రత్తు కాళ్లు పిసికాడు. ఆయన కొద్దిగా అన్నం తిన్నారు. ఇంటికి బయల్దేరిన రత్తును వెనక్కి పిలిపించి పుస్తకం ముందుమాట, ఉపోద్ఘాతం టైపు కాగితాలు తెప్పించుకున్నారు. రాత్రికి ఇంకోసారి చూడాలి. తెల్లారి సవిత లేపబోతే లేవలేదు.

1957లో సిద్ధార్థ కళాశాల ప్రచురణగా పుస్తకం వచ్చింది. ముందుమాటలో తనను ఇన్నాళ్లు బతికించింది భార్య, డాక్టర్ మాల్వంకర్ అని ఆయన కృతజ్ఞతతో రాసిన భాగం అందులో లేదు. ఆయన మరణం మీద సవితను అనుమానించిన రోజులవి. 1980లో భగవాన్ దాస్ ఆ ముందుమాటను బయటికి తెచ్చేదాకా చాలామందికి దాని సంగతే తెలియదు.

ఈ పుస్తకం ఒంటరిది కాదని, మూడింటిలో ఒకటని ఆ ముందుమాటలోనే ఆయన చెప్పారు. మిగతా రెండూ బుద్ధుడు, మార్క్స్‌ల మీద ఒకటి, ప్రాచీన భారతంలో విప్లవం, ప్రతివిప్లవం మీద ఒకటి. వాటిని పూర్తి చేసే సమయం దొరకలేదు. ఆ రాతప్రతులు ఏళ్లపాటు కట్టలుగానే ఉండిపోయాయి. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం రచనల మూడో సంపుటంగా వేసేటప్పటికి కొన్ని అధ్యాయాలు సగంలో ఆగి ఉన్నాయి, కొన్ని దొరకనే లేదు.