గుండు దారి తెలిసిన గణితవేత్త

వేటగాని చేయి వణకలేదు, చూపు చెదరలేదు. అయినను తుపాకి గుండు ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు తొలగిపోవుచుండెను. దీనికి కారణము వెదకినవాడు ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్సు.

యుద్ధమును గర్హించు క్వేకర్ల కుటుంబమున, 1707లో బాత్ నగరమందు ఆయన జన్మించెను. పెరిగిన పిదప ఆ శాఖను వీడి, ఫిరంగుల శాస్త్రమునకు గణితమును జోడించెను. బరువైన లోలకమును గుండుతో కొట్టి, అది ఊగిన మేరనుబట్టి గుండు వేగమును లెక్కించు విధమును 1742 నాటి గ్రంథమున వివరించెను.

గొట్టమును రాచుకొని గుండు గిరగిర తిరుగుననియు, ఆ భ్రమణమువలన గాలి దానిని ప్రక్కకు నెట్టుననియు ఆయన సిద్ధాంతము. 1745లో ఆ గ్రంథమును జర్మనులోనికి తెచ్చిన మహాగణితవేత్త ఆయిలర్ దీనిని అంగీకరింపక, గుండు ఆకారలోపమే కారణమనెను. రాబిన్సు ప్రయోగమునే సాక్షిగా నిలిపెను. తుపాకి మూతిని ఎడమకు వంచి పేల్చగా, గుండు తొలుత ఎడమకు పోయి, పిమ్మట కుడికి మళ్లెను!

లోపల మరచుట్టు గాడులుగల తుపాకి సూటిగా కొట్టునని ఐరోపా వేటగాండ్రు ఏనాడో ఎరుగుదురు. ఏల కొట్టునో ఎరుగరు. ఆ గాడులు గుండును తాను పోవు దారియే ఇరుసుగా త్రిప్పును గనుక అది ప్రక్కకు తొలగదని 1747లో రాబిన్సు రాయల్ సొసైటీకి విన్నవించెను.

ఈస్టిండియా కంపెనీ కోటల పనికై మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో ఆయన కన్నుమూసెను. గుండు వంపునకు నేడు 1852లో ప్రయోగములు ప్రకటించిన మాగ్నస్ పేరు మిగిలినది. నిలిచిన సత్యము మాత్రము రాబిన్సుదే.