సుంకం గేట్లు లేపమన్న లిస్ట్

పక్కపక్క దేశాలు సుంకం లేని ఒప్పందాలు ఎందుకు చేసుకుంటయని మొన్న ఒక తమ్ముడు అడిగిండు. నాకు ఫ్రెడరిక్ లిస్ట్ యాదికొచ్చిండు.

చిన్నప్పుడు నేను లారీ క్లీనర్‌ను. రాష్ట్రం బార్డర్ల చెక్‌పోస్టు కాడ రాత్రంత ఆగితే లోడుల టమాటలు మెత్తవడేటియి. గందుకే ఈయన కథ నాకు జప్పున ఎక్కింది.

1789ల రాయిట్లింగెన్‌ల పుట్టిండు. తండ్రి తోళ్ళు శుద్ధి చేసేటాయన. డిగ్రీ లేకున్నా 1817ల ట్యూబింగెన్ యూనివర్సిటీల ప్రొఫెసర్ అయిండు. కాలేజీ మెట్లెక్కని నాకు గాడనే దోస్తయిండు.

అప్పటికి జర్మనీ ఒక్క దేశం గాదు, 39 దాక రాజ్యాలు. బెర్లిన్ నుంచి స్విట్జర్లాండుకు సరుకు పోవాలంటే పది రాజ్యాలు దాటాలె, పది తీర్ల సుంకం కట్టాలె. 1815ల నెపోలియన్ యుద్ధాలు ఒడిసినంక ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మీద పడ్డది. నేతగాండ్ల బతుకు ఆగమైంది. పక్క రాజ్యంల అమ్ముకుందామంటే గేట్లు అడ్డం. 1819ల లిస్ట్ వ్యాపారులను జమచేసి అర్జీ పెట్టిండు: లోపలి గేట్లన్నీ తీసెయ్యాలె, బయటి దిక్కు అందరికి కలిపి ఒక్కటే గేటు ఉండాలె.

దొరలకు మండింది. కొలువు పోయింది. వుర్టెంబర్గ్ సభకు గెలిచి అధికారుల తప్పులు రాస్తే జైల్ల వేసిండ్రు. 1825ల దేశం ఇడిసి అమెరికా పోయిండు.

ఎనకాల ప్రష్యా ఆ పని అందుకున్నది. దాని భూమి తూర్పుకు ఒక ముక్క, పడమటికి ఒక ముక్క. నడుమ పక్కోల్ల రాజ్యాలు, దారి కావాలె. చిన్న రాజులకు గూడ లెక్క సమజైంది. గేటుకో కావలోన్ని పెడితే వచ్చిన సుంకం జీతాలకే పోవట్టె. అంత కలిపి వసూలు చేసి జనాభా లెక్కన పంచుకుంటే ఎక్కువొస్తది. 1834 జనవరి 1 నాడు త్సోల్‌ఫెరైన్ అనే సుంకాల కూటమి మొదలైంది. లిస్ట్‌ను జైల్ల పెట్టిన వుర్టెంబర్గ్ గూడ అండ్ల చేరింది! ప్రేమ పుట్టి గాదు తమ్మీ, పైసల లెక్క కుదిరి.

ఒక్క కాడ ఆయనతోని నాకు పంచాయితీ ఉన్నది. 1841ల అచ్చయిన పెద్ద పుస్తకంల, ఎదిగేదాక జర్మనీ ఫ్యాక్టరీలకు సుంకం కంచె కావాలన్నడు. మన అసోంటి ఎండ దేశాలకు మాత్రం ఎవుసమే మేలన్నడు. తన నేతగానికి ఒక న్యాయం, మన నేతగానికి ఇంకో న్యాయమా?

రైళ్ళ కోసం గూడ మస్తు తిరిగిండు. 1839ల లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్ దాక బండి నడిచింది. ఆయనకు మాత్రం ఖాయం కొలువు దొరకలె. రోగం, పైసల తిప్పలు. 1846 నవంబర్‌ల, త్సోల్‌ఫెరైన్‌ల చేరని ఆస్ట్రియా బార్డర్ కాడ, కుఫ్‌స్టైన్ అనే ఊర్ల తన పానం తనే తీసుకున్నడు.