అంబేడ్కరు విద్యార్థిదశ

1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు నెలకు 11½ పౌనుల వేతనముతో, మూడేండ్ల గడువుతో భీమరావు అంబేడ్కరును న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. అందులోనే ఇంటికిని కొంత పంపవలసియుండెను. 1915లో ఎం.ఏ. పట్టమంది, మరుసటి యేట లండను చేరి అర్థశాస్త్రమును న్యాయశాస్త్రమును ఏకకాలమున నారంభించెను.

1917లో వేతనము నిలిచెను. చదువు సగములో ఆగెను. అయినను ఆయన వట్టిచేతులతో మరలలేదు. నాలుగేండ్లలోగా తిరిగి చేరుటకు విశ్వవిద్యాలయమువారి యనుమతి గైకొనియే నౌక నెక్కెను. ఈ ముందుచూపే పిమ్మట కార్యమును నిలిపినది. వేరు ఓడలో పంపిన పుస్తకములు మాత్రము యుద్ధములో సముద్రము పాలయ్యెను.

1918లో బొంబాయి సిడెన్‌హాము కళాశాలలో 450 రూపాయల జీతముతో ఆచార్యపదవి లభించెను. సుఖముగా బ్రతుకదగిన జీతమే. అయినను పరేలులో శ్రామికుల నడుమ రెండు గదులలోనే కాపురముండి, ఇల్లాలు రమాబాయి చేతికి గృహవ్యయమునకు మాత్రమిచ్చి, తక్కినది లండను చదువునకై కూడబెట్టెను. పద్దు వ్రాయువారికి ఇదెంత కష్టమో తెలియును. అదియు చాలక కొల్హాపుర మహారాజు సహాయమును, మిత్రుడు నవల్ భథేనా వద్ద అప్పును గైకొని 1920లో మరల బయలుదేరెను.

బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయము తెరచుసరికి లోన, మూయువేళకు వెలుపల, ఇదియే దినచర్య. బండికూలి మిగుల్చుటకు నడచుచుండెడివాడు. 1921లో ఎం.ఎస్సీ. లభించెను. రూపాయి సమస్యపై వ్రాసిన సిద్ధాంతగ్రంథమును పరీక్షకులు సవరింపుమనిరి. అప్పటికి ధనము నిండుకొనుటచే 1923లో బొంబాయి చేరి, అచటనే సవరించి పంపెను. ఆ యేడే డి.ఎస్సీ. పట్టము వచ్చెను.