డీజిల్ అనే ఒక మనిషి

డీజిల్ అంటే ఒక నూనె పేరని చాలాకాలం అనుకున్నాను. నేనే కాదు, బోధన్ ప్రాంతంలో మా తరం పిల్లలందరం అట్లాగే అనుకున్నాం. గ్యాసునూనె ఉంది, పెట్రోలు ఉంది, డీజిల్ ఉంది. అన్నీ డబ్బాల్లో వచ్చేవే గదా! అది ఒక మనిషి ఇంటిపేరనీ, ఆయనకు భార్యాబిడ్డలుండేవారనీ, ఒకనాటి రాత్రి ఓడ మీదనుంచి ఆయన మాయమైపోయాడనీ ఈ కళాశాల లైబ్రరీలో కూర్చున్నాకగాని నాకు తెలియలేదు. విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం రాసి పంపమని అడగగానే ఆయన పేరే తట్టింది. ఎందుకు తట్టిందో చెప్పాలంటే ముందు మా బాపు సంగతి కొంచెం చెప్పాలి.

మా బాపు బావి మీద ఆయిల్ ఇంజను నడిపేవాడు. ఆయన హ్యాండిల్ తిప్పుతుంటే నేను పైనున్న చిన్న లివరు ఎత్తి పట్టుకోవాలి. చక్రం ఊపందుకున్నాక వదలమనేవాడు. వదలగానే ఇంజను ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, డుబుడుబుమంటూ అందుకునేది. అగ్గిపుల్ల గీయలేదు, కరెంటు తీగ లేదు, మరి లోపల నిప్పెవరు పెట్టారని అడిగాను. గాలే పెట్టిందన్నాడు బాపు. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఇంజనీరింగు చదువుకున్నాక తెలిసింది, బాపు చెప్పింది అక్షరాలా నిజమని. సైకిలు పంపు నోరు వేలితో మూసి గట్టిగా నాలుగుసార్లు కొట్టి చూడండి. పంపు కొస చుర్రుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పదిహేనూ పదహారో వంతుకు నొక్కితే ఆ వేడికి నూనె తుంపర దానంతటదే అంటుకుంటుంది. ఈ చిన్న సంగతి మీద ఒక మనిషి తన ఆయుష్షంతా పెట్టాడు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతంవారు. తండ్రిది తోలుపని, పుస్తకాల బైండింగు పని, అంతంతమాత్రపు సంసారం. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చేసరికి జర్మనులందరూ పారిస్ విడిచిపోవలసివచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ళ రుడాల్ఫును ఔగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి పెద్ద అక్కడి బడిలో లెక్కలు చెప్పే పంతులు. పిల్లవాడు చదువులో మొదటివాడిగా నిలిచాడు, స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయినా, కోలుకుని 1880లో రాసి మంచి మార్కులతో పట్టా పుచ్చుకున్నాడు.

మ్యూనిక్‌లో ఆయనకు ఉష్ణశాస్త్రం చెప్పిన గురువు కార్ల్ ఫాన్ లిండే, శీతలీకరణ యంత్రాలకు ఆద్యుల్లో ఒకడు. ఆవిరి ఇంజను తనలో కాలే బొగ్గు వేడిలో పది పాళ్ళకు ఒక పాలు కూడా పనికి మార్చలేదని, తక్కినదంతా వృథా అని లిండే తరగతిలో లెక్క వేసి చూపించాడు. మనలో చాలామందిమి అలాంటి లెక్కను పరీక్షదాకా మోసి ఆ తర్వాత మరిచిపోతాం. రుడాల్ఫ్ మరిచిపోలేదు. ఆ తొమ్మిది పాళ్ళు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది.

చదువయ్యాక లిండే ఐసు యంత్రాల వ్యాపారం చూసుకుంటూ పారిస్‌లో పదేళ్ళు గడిపాడు. 1883లో మార్తాను పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు కలిగారు. ఖాళీ దొరికితే అమ్మోనియా ఆవిరితో నడిచే ఇంజను మీద ప్రయోగాలు చేసేవాడు. ఒకసారి అది పేలి నెలల తరబడి ఆస్పత్రిలో పడివున్నాడు. అయినా పట్టు వదల్లేదు. 1892లో కొత్త ఇంజనుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది, సిద్ధాంతం వివరిస్తూ ఆయన పుస్తకమూ వచ్చింది. ఔగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారం, క్రుప్ సంస్థ డబ్బు పెట్టి ఆదుకున్నాయి.

1893 ఆగస్టు 10న మొదటి పరీక్ష. సిలిండర్లో నూనె అంటుకోగానే ఒత్తిడి 80 రెట్ల వాతావరణ పీడనం దాకా లేచి, దాన్ని కొలిచే పరికరం పేలిపోయింది. పక్కనున్నవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. డీజిల్ మాత్రం సంతోషపడ్డాడు: గాలి నిప్పు పెట్టగలదని రుజువైంది గదా! 1894 ఫిబ్రవరి 17న ఇంజను తనంతట తాను సుమారు ఒక్క నిమిషం తిరిగింది. ఆ ఒక్క నిమిషాన్ని నమ్ముకుని మరో మూడేళ్ళు పనిచేశారు. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిచి చూస్తే, ఇరవై హార్స్‌పవర్ ఇచ్చే ఆ మూడు మీటర్ల ఎత్తు యంత్రం నూనె వేడిలో 26 శాతం పనికి మారుస్తోంది. అప్పటివరకు లోకంలో ఏ ఇంజనూ అంత చేయలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. డీజిల్ పుస్తకంలో వేసిన లెక్క వేరు, చివరకు తిరిగిన ఇంజను వేరు. కాగితం మీద ఆయన డెబ్బై శాతం పైచిలుకు ఆశించాడు. ఇనుము అందుకు ఒప్పుకోలేదు. పేటెంటులో చెప్పినట్టు ఇంజను నడవడంలేదని ప్రత్యర్థులు వాదించారు. ఆ వాదనలకు జవాబు చెప్పుకోవడంలోనే ఆయన ఆరోగ్యం సగం పోయింది. 1898లో నరాల నీరసంతో విశ్రాంతి గృహంలో చేరాడు.

ఆ ఏడే ఆయన కోటీశ్వరుడయ్యాడంటే నమ్ముతారా? హక్కులు కొనడానికి దేశదేశాల కంపెనీలు ఎగబడ్డాయి. మ్యూనిక్‌లో పెద్ద భవంతి కట్టించాడు. భూములమీదా నూనె బావులమీదా పెట్టుబడులు పెట్టాడు. యంత్రంలో వేడి ఎక్కడ పోతుందో పసిగట్టినవాడు తన డబ్బు ఎక్కడ పోతుందో పసిగట్టలేకపోయాడు. ఔగ్స్‌బర్గ్‌లో ఆయన పేరు మీద పెట్టిన ఇంజన్ల ఫ్యాక్టరీ కూడా నిలబడలేదు.

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ ఇంజనుకు అత్యున్నత బహుమతి వచ్చింది. అక్కడే ఒక కంపెనీవారు చిన్న డీజిల్ ఇంజనును పల్లీ నూనెతో నడిపి చూపించారు. ఆఫ్రికాలో పల్లీ విరివిగా పండుతుంది కాబట్టి, అక్కడివాళ్ళు తమ పంటతోనే తమ యంత్రాలు నడుపుకోవచ్చునా అని చూడటానికి ఫ్రెంచి ప్రభుత్వం ఆ ప్రయోగం కోరింది. డీజిల్‌కు ఈ ఆలోచన బాగా నచ్చింది; చివరి సంవత్సరాల్లో కూడా దాని గురించి మాట్లాడాడు. చిన్న పనివాడి చేతికి అందే చిన్న ఇంజను కావాలన్నది ఆయన మొదటినుంచీ కన్న కల. 1903లో కార్మికులు కూడబెట్టుకుని తమ కర్మాగారాలు తామే నడుపుకోవడం గురించి ఒక పుస్తకం రాశాడు. ఇంజనుకు దొరికిన ఆదరణ ఆ పుస్తకానికి దొరకలేదు.

చెరుకు దేశంలో పుట్టిన నాకు ఈ భాగం చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో మా నేలలు చెరుకు పట్టాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర ఫ్యాక్టరీలో గడ పిండగా మిగిలిన పిప్పే బాయిలర్‌కు మేత. ఆ ఆవిరి ముందు యంత్రాలు తిప్పుతుంది, తర్వాత అదే ఆవిరి రసాన్ని మరగబెడుతుంది. ఏదీ పారేయకుండా పంటే తన యంత్రాన్ని తాను నడుపుకునే ఈ పద్ధతి చూస్తే డీజిల్ ఎంత మురిసిపోయేవాడో! ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. యంత్రాలు అరిగిపోయినందుకే ఫ్యాక్టరీలు మూతపడవని మా ఊళ్ళలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

కథ చివరికొచ్చింది. 1913 సెప్టెంబరు 29 సాయంత్రం డీజిల్ లండన్‌లో కంపెనీ సమావేశానికని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇద్దరు సహచరులతో భోంచేసి, రాత్రి పదిగంటల వేళ, పొద్దున ఆరుంబావుకు లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. పొద్దున చూస్తే మనిషి లేడు. పడక నలగలేదు. ఓడ పైభాగాన ఆయన టోపీ, కోటు కనిపించాయి. పది రోజులకు ఒక డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో శవం కనబడింది. జేబులోని వస్తువులు తీసుకుని శవాన్ని నీటికే వదిలారు. ఆ వస్తువులు తన తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. అప్పటికి డీజిల్ వయస్సు 55. ఎవరో చంపారని పుకార్లు పుట్టాయి, ప్రమాదమన్నవాళ్ళూ ఉన్నారు. కాని బయలుదేరేముందు ఆయన భార్య చేతికొక సంచీ ఇచ్చి, వారం దాకా తెరవవద్దని చెప్పాడు. తెరిస్తే అందులో కొంత నగదు, ఖాళీ అయిపోయిన బ్యాంకు ఖాతాల కాగితాలు ఉన్నాయి. భవంతిలో కాపురముంటున్న మార్తాకు తమకు చిల్లిగవ్వ లేదన్న సంగతి ఆనాటిదాకా తెలియదు!

ఈ పుట చదివిన సంవత్సరం నాకు బాగా గుర్తు. నేను రెండో ఏడు విద్యార్థిని. బాపు అప్పటికి అప్పు చేసి లారీ కొని, శక్కర్‌నగర్‌కు చెరుకు తోలుతున్నాడు. ఆ ఏడు వానలు లేక చెరుకు తగ్గింది, ట్రిప్పులు తగ్గాయి, కిస్తీలు తప్పాయి. నోటీసులన్నీ రేకు పెట్టెలో బట్టల కింద దాచి, అమ్మతో అంతా బాగున్నదనే చెప్పాడు. నాకు నెలనెలా మనియార్డరు కూడా తప్పలేదు. చివరకు ఒక రాత్రి బాపు తనే పెట్టె తెరిచి, కాగితాలు అమ్మ ముందు పోసి, ఇగ నాతోని కాదన్నాడట. అమ్మ ఏడ్చిందట, తిట్టిందట, తెల్లారి లేచి లెక్క రాయమన్నదట. లారీ అమ్మేశారు. బాపు ఇంకొకరి లారీకి డ్రైవరుగా పోయాడు. మా బతుకు చిన్నదైంది, కాని మిగిలింది. సెలవులకు ఇంటికి వెళ్ళి ఈ సంగతి విన్న రోజు నాకు మార్తా చేతిలోని సంచీ గుర్తుకొచ్చింది.

డీజిల్ పోయినా ఇంజను పోలేదు. 1912లోనే సెలాండియా అనే డేనిష్ ఓడ డీజిల్ ఇంజన్లతో మహాసముద్రాలు దాటింది. 1920లలో లారీలకు ఎక్కింది. 1936లో మెర్సిడెస్ 260డి కారుకు ఎక్కింది. ఈమధ్య మ్యూనిక్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, అక్కడి మ్యూజియంలో 1897 నాటి ఇంజను ముందు చాలాసేపు నిలబడ్డాను. బయటికొచ్చి మా అల్లుడి స్టేషన్ వాగన్ ఎక్కాను. వెనక సామాను పెట్టుకునేందుకు ఇల్లంత చోటున్న మెర్సిడెస్ ఇ-క్లాస్ ఎస్టేట్, 2023లో వచ్చిన మోడలు, రెండు లీటర్ల డీజిల్. సిగ్నల్ దగ్గర ఇంజను తనే ఆగిపోయింది. పచ్చదీపం పడగానే చప్పుడు లేకుండా అందుకుంది. దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య 48 వోల్టుల విద్యుత్ యంత్రమొకటి ఉంటుంది. బ్రేకు వేస్తే అది డైనమోగా మారి, వేడిగా పోవలసిన శక్తిని పట్టి బ్యాటరీలో వేస్తుంది. బయలుదేరేటప్పుడు మోటారుగా మారి సుమారు 23 హార్స్‌పవర్ సాయం ఇస్తుంది. కరెంటు మీదే ఊరు చేర్చే శక్తి దానికి లేదు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు చెరుకు బండి చక్రానికి మేము చేయి వేసి తోసేవాళ్ళం చూడండి, అంతే దాని పని. ఇదే ఆలోచన 12 వోల్టులతో 2015లో మన డీజిల్ ఎర్టిగా కార్లకూ వచ్చింది; 2020లో ఆ కంపెనీ డీజిల్ కార్లే మానేసింది.

ఇప్పటి మంచి డీజిల్ ఇంజను నలభై శాతం పైన పని ఇస్తుంది. లిండే తరగతిలో పుట్టిన ప్రశ్నకు ఇవన్నీ జవాబులే. అయితే మసి, నైట్రోజన్ ఆక్సైడులు ఈ ఇంజను మోసే పాపం. 2015లో ఫోక్స్‌వాగన్ సంస్థ పరీక్షలో ఒక లెక్క, రోడ్డు మీద ఒక లెక్క చూపే ఏర్పాటును సుమారు కోటీ పదిలక్షల కార్లలో పెట్టిందని బయటపడింది. లోపం ఉండటం కంటే దాన్ని దాచటంవల్లే డీజిల్ పేరు ఎక్కువ చెడింది.

మిత్రులారా, చెప్పదలచుకున్నది ఇంతే. ఇంజనులో ఒక్క పాలు వేడి వృథా అయినా సహించని మనిషి, తన ఇంట్లో ఒక్క కాగితం విప్పి చూపలేకపోయాడు. డీజిల్ నాకు గురువే. ఆయన వేసిన లెక్కలతోనే నేను ఉద్యోగం చేసి బతికాను. కాని పెట్టె తెరిచే విద్య మా బాపు దగ్గర నేర్చుకున్నాను. పరీక్ష పోయినా, ఫీజు కట్టలేకపోయినా, అప్పు మెడకు చుట్టుకున్నా, మీ హాస్టలు గదిలో ఎవరో ఒకరి ముందు ఆ కాగితం ఇవాళే పరచండి. తెల్లారి లెక్క రాసుకోవచ్చు.