కరిసల్ నేలను సుత్తితో చదివిన దొర

కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్ వైపు వస్తుంటే కిటికీకి రెండు పక్కలా నల్లరేగడే. ఇళ్లలో తెలుగు మాట్లాడే మనవాళ్లు కూడా ఆ నేలను కరిసల్ అనే అంటారు. పైన పత్తి పండుతుందని తాతల నాటి నుంచీ తెలుసు. మరి కింద ఏముంది? రేగడి అడుగున ఏ బండ ఉంది, అది ఎటు వాలింది, తీరం దగ్గర ఎర్ర ఇసుక తేరులు ఎలా పుట్టాయి అని ఊరూరా తిరిగి రాసిన మనిషి రాబర్ట్ బ్రూస్ ఫుట్. మదురై, తిరునెల్వేలి జిల్లాల భూగర్భంపై ఆయన పుస్తకం 1883లో వెలువడింది. అప్పటికి విరుదునగర్ పేరు ఇంకా విరుదుపట్టే.

ఫుట్ 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. 1858లో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు వచ్చాడు. 1862లో పెళ్లి చేసుకున్నాడు. మామగారు పీటర్ పెర్సివల్ మిషనరీగా వచ్చినవాడు, తమిళంలో పండితుడు. అదే ఏడాది ఆయన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు కూడా మద్రాసులో అచ్చయింది. ఆ ఇంటి అల్లుడికి మన భాష చెవిన పడకుండా ఉంటుందా!

మరుసటి ఏడు మే 30న పల్లావరం దగ్గర కంకర గుంటలో ఫుట్‌కు ఒక రాతి గొడ్డలి దొరికింది. మన దేశపు ఆదిమానవుడి చరిత్ర అక్కడే మలుపు తిరిగింది. బడి పుస్తకాల్లో ఆయన పేరు నిలిచింది ఆ రాయి వల్లే. కానీ సర్కారు జీతమిచ్చింది గొడ్డళ్లు ఏరమని కాదు. ఎక్కడ ఏ ఖనిజం ఉందో, పనికొస్తుందో లేదో చెప్పమని.

లండన్‌ను ముంచిన బంగారం

ఉండటం వేరు, పనికిరావడం వేరు. ఈ తేడా తెలియక ఆ రోజుల్లోనే వేలమంది మునిగారు. వయనాడ్ క్వార్ట్జ్ రాళ్లలో బంగారం ఉందని ఫుట్ సహచరుడు విలియం కింగ్ 1870లలో పరిశీలించి రాశాడు. తర్వాత ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక నిపుణుడు గొప్పగా నివేదిక ఇచ్చాడు. అంతే, 1880 ప్రాంతంలో లండన్‌లో పదుల కొద్దీ కంపెనీలు లేచాయి. కాఫీ తోటల భూములు అడిగిన ధరకు అమ్ముడుపోయాయి. యంత్రాలు కొండెక్కాయి. తీరా రాయిని దంచి చూస్తే టన్నుకు రాలింది ఖర్చుకే చాలలేదు. రెండు మూడేళ్లలో అంతా మూతపడింది. బంగారం ఉన్న మాట అబద్ధం కాదు. గనికి సరిపడా ఉందా అన్నదే ఎవరూ సరిగా కొలవలేదు.

ఫుట్ 1882లో మైసూరు బంగారు క్షేత్రాల మీదుగా సాగిన తన యాత్ర గురించి రాశాడు. గ్నైస్ బండల మధ్య పట్టీలుగా సాగే నల్లటి షిస్టు రాళ్లను వేరుగా గుర్తించి ధార్వార్ శ్రేణి అని పేరు పెట్టాడు. దక్షిణాదిలో బంగారం వెతకాలంటే ఆ పట్టీల్లోనే వెతకాలి అన్నది ఆయన పని వల్ల తేలింది. కోలార్ ఆ పట్టీలోదే. దాని దక్షిణపు కొస కుప్పం దగ్గరి చిగురుగుంటలో ఉంది. అనంతపురం వైపు రామగిరి కూడా ఆ జాతి రాళ్లదే.

కొలతలో అసలు కిటుకు

అయినా ఫుట్ చేసింది మొదటి మెట్టు మాత్రమే. సుత్తి, దిక్సూచి, కాలినడక. ఇప్పటి లెక్కలో దాన్ని జీ4 అంటారు, అంటే తొలి పరిశీలన సర్వే. తర్వాత జీ3, జీ2 దాటి జీ1కు వస్తేనే వివరమైన అన్వేషణ. దగ్గర దగ్గరగా బోర్లు వేసి, రాతి కడ్డీలు తీసి, మీటరు మీటరుకూ ల్యాబుకు పంపాలి. ఐక్యరాజ్యసమితి చట్రాన్ని అనుసరించే ఈ పద్ధతిని 2015లో కేంద్రం నియమాలుగా పెట్టింది.

విరుదునగర్ జిల్లా పందల్‌గుడి వైపు సున్నపురాయినే తీసుకోండి. ఒక హెక్టారులో పది మీటర్ల లోతున రాయి ఉంటే లక్ష ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున రెండున్నర లక్షల టన్నులు. ఇంత సులువా అనిపిస్తుంది. కానీ ఇక్కడి సున్నపురాయి పరుపులా పరుచుకుని ఉండదు, బండల నడుమ నిట్టనిలువు పట్టీగా దిగుతుంది. పక్కన పనికిరాని రాయి కలిసి వస్తుంది. మెగ్నీషియా ఎక్కువైతే సిమెంటుకు చెల్లదు. లీజు సరిహద్దు వెంట ఏడున్నర మీటర్లు వదలాలి. రైలు పట్టా, రోడ్డు, ఇళ్లు ఉంటే 50 మీటర్లు. గోడలు కూలకుండా మెట్లు మెట్లుగా తవ్వాలి కాబట్టి అడుగున ఇంకొంత పోతుంది. ఇవన్నీ తీసేశాక, తవ్వితే గిట్టుతుందని కూడా తేలాక మిగిలిన టన్నులకే 111 అనే అంకె వేస్తారు. అదే నిరూపిత నిల్వ. నిల్వగా తేలని మిగతాదంతా వనరు మాత్రమే, కాగితం మీద ఉంటుంది. పొలం కింద కోట్లున్నాయని ఎవరైనా బేరానికొస్తే రైతు ముందు అడగాల్సింది ఈ అంకె గురించే.

ఆ అంకె శాశ్వతమూ కాదు. బళ్లారి జిల్లా భూగర్భంపై ఫుట్ పుస్తకం 1895లో వచ్చింది. సండూరు కొండల ఇనుప ఖనిజం అందులో ఉంది. అక్కడి దోణిమలై గని మొదలైంది 1977లో. కోలార్‌ది తిరగబడ్డ కథ. అంత లోతు నుంచి తీసే ఖర్చు బంగారం ధరను మించిపోయి 2001లో గని మూశారు. మన్ను కింద బంగారం ఇంకా ఉంది. తెలుగు, తమిళ కార్మికుల ఇళ్లలోనే పొయ్యి ఆరింది.

ఫుట్ మాత్రం ఎముకలూ రాళ్లూ వదల్లేదు. 1884-85లో అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో కొడుకు హెన్రీతో కలిసి తవ్వించి పాత జంతువుల ఎముకలు తీశాడు. 1891లో రిటైరయ్యాక బరోడా సంస్థానానికి, తర్వాత మైసూరుకు పనిచేశాడు. జీవితమంతా ఏరిన రాతి పనిముట్లను, కుండ పెంకులను 1904లో మద్రాసు మ్యూజియం 40 వేల రూపాయలకు కొంది. నివాసం సేలం దగ్గరి ఏర్కాడు కొండ మీద. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన సమాధి ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఉంది.