కర్నల్ సి. కె. నాయుడు

1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుతో హిందువుల జట్టు ఆడుచుండెను. నాయుడు కొట్టుచున్నాడను వార్త నగరమున ప్రాకినంతనే జనము విరుగబడి వచ్చిరి. చోటు చాలక చెట్లకొమ్మలమీదను, పరిసరములందలి మేడల కప్పులమీదను ఎక్కి చూచిరి. రెండు గంటలైనను నిండకమునుపే ఆయన 153 పరుగులు చేసెను. అందు 13 ఫోర్లు, 11 సిక్సర్లు కలవు. ఒక్క ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు కొట్టినవాడు నాటికి ప్రపంచమున మరియొకడు లేడు. ఓడింపవచ్చిన దొరలే మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. దొర వేసిన బంతి ఒక భారతీయుని దెబ్బకు కప్పులమీదికి ఎగిరిపోవుట పరపాలనలోనున్న ప్రజలకు ఆటకన్న మించిన సంగతియే. నేడు బల్కంపేట సందులలో చెక్కముక్కనే బ్యాటుగా చేసికొని ఆడు బాలురు సిక్సరు కొట్టి కేకలు వేయుదురు గదా. ఆ కేకలను ఈ దేశమునకు నేర్పినవాడు సి. కె. నాయుడు.

ఆయన పూర్తిపేరు కొట్టారి కనకయ్య నాయుడు. పూర్వులు మచిలీపట్టణపు తెలుగువారు. తాతగారి కాలమునకే కుటుంబము నాగపురమున స్థిరపడెను. 1895 అక్టోబరు 31వ తేదీన ఆయన అచ్చటనే జన్మించెను. 1916లో బొంబాయి చతుర్జట్ల పోటీలో యూరోపియనులపై తొలిసారి పెద్ద ఆటకు దిగునప్పటికి తన జట్టు 79 పరుగులకే ఏడు వికెట్లు పోగొట్టుకొని యుండెను. మూడు బంతులను నెమ్మదిగా ఆపి, నాలుగవదానిని సిక్సరు కొట్టెను. 1923లో హోల్కరు మహారాజు ఆయనను ఇందూరునకు రప్పించి తన సేనలో ఉద్యోగ మిచ్చెను. కర్నల్ అను బిరుదు అట్లు వచ్చినదే.

1932లో భారతజట్టు తొలి టెస్టు ఆడుటకు ఇంగ్లండునకు పోయినపుడు నాయకత్వము పోరుబందరు మహారాజునకును, ఉపనాయకత్వము లింబ్డీ రాజకుమారునకును దక్కెను. సంస్థానాధీశుల ధనముతో ఆట నడచు దినములవి. అయినను జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున టెస్టు ప్రారంభమగునప్పటికి వారిరువురును తప్పుకొనగా, రాజవంశీయుడు కాని నాయుడు భారతదేశపు మొదటి టెస్టు నాయకుడయ్యెను. సామాన్యునిక్రింద ఆడుటకు జట్టులో కొందరు ఇష్టపడలేదనియు చెప్పుదురు. ఫీల్డింగులో చేయి గాయపడియు తొలి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసెను. జట్టులో అదియే అత్యధికము. భారతజట్టు 158 పరుగులతో ఓడెను. ఆ పర్యటనమున ఆయన చేసిన పరుగులు 1,618. తీసిన వికెట్లు 65. మరుసటి సంవత్సరము విజ్డెన్ గ్రంథము ఆయనను ఉత్తమ క్రీడాకారులలో నొకనిగా ఎన్నుకొనెను.

1933 డిసెంబరులో జార్డిను జట్టుపై బొంబాయిలో ఆడిన టెస్టులో లాలా అమరనాథ్ అను యువకుడు 118 పరుగులు చేసెను. రెండవ కొసన నిలిచి 67 పరుగులు చేసినది నాయకుడు నాయుడే. ఇరువురును కలిసి 186 పరుగులు చేర్చిరి. ఆ టెస్టు మాత్రము పోయినది. టెస్టులలో నాయుడు నాయకుడుగా ఆడినవి నాలుగే; మూడు ఓటములు, ఒకటి సమము. 1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు పోగా, నాయుడు ఆయన క్రింద ఆడవలసివచ్చెను. ఆ పర్యటన కలహములతో నిండెను. ఓవల్ మైదానమున ఆడిన తన చివరి టెస్టులో దెబ్బ తగిలియు 81 పరుగులు చేసెను. లెక్కలు మాత్రమే చూచువారు ఏడు టెస్టులలో 350 పరుగులేనా యని పెదవి విరతురు. టెస్టులు దొరకునాటికి ఆయనకు ముప్పదియారేండ్లు నిండినవని వారు మరతురు.

ఆయన నాయకత్వపు నిజస్వరూపము హోల్కరు జట్టులోనే కానవచ్చును. ముస్తాక్ అలీ, సర్వటే, తమ్ముడు సి. ఎస్. నాయుడు మున్నగువారు ఆయన చేతిక్రింద ఆడిరి. యుద్ధకాలమున సైనికోద్యోగిగా నుండిన ఆంగ్ల క్రీడాకారుడు డెనిస్ కాంప్టను గూడ ఆడెను. క్రమశిక్షణలో నాయుడు కఠినుడు. ఆటగాండ్రకు ఆయనయెడ ప్రేమకంటె భయమే హెచ్చు. ఆ కాఠిన్యము కొందరిని నొప్పించియుండవచ్చును. కాని తనకు లేని నియమము నొకటి ఇతరులకు పెట్టలేదు. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలో హోల్కరు జట్టు రంజీ ట్రోఫీ గెలిచెను. వీనిలో మొదటి ఏట బరోడాపై ఏబదియేండ్ల నాయకుడు 200 పరుగులు చేసెను. 1951-52లో బొంబాయితో ఆడునపుడు ఫాడ్కరు వేసిన బంతి నోటికి తగిలి రెండు పండ్లు ఊడినవి. ఆయన వానిని తీసి ప్రక్కనపెట్టి, వైద్యుని పిలువనీయక, 66 పరుగుల వరకు ఆడెనని ప్రసిద్ధి. అప్పటికి ఆయన వయస్సు 56.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన ఏటనే ఆంధ్రజట్టు రంజీ పోటీలో తొలిసారి ప్రవేశించెను. దానికి నాయకుడుగా వచ్చినది 58 ఏండ్ల నాయుడు. కుటుంబము తెలుగునేల విడిచి ఎన్నియో ఏండ్లయినను తెలుగువారు ఆయనను తమవానిగానే స్వీకరించిరి. 1956లో భారతప్రభుత్వము పద్మభూషణ్ బిరుద మిచ్చెను; క్రికెట్టు ఆటగాండ్రలో ఆ బిరుదు పొందిన మొదటివాడు ఆయనయే. ఆ తరువాత 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టు పక్షమున రంజీ ఆడెను. 1963-64లో, 68 ఏండ్ల వయస్సున, ఒక ధర్మకార్యమునకై ఏర్పరచిన ఆటలో చివరిసారి బ్యాటు పట్టెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కన్నుమూసెను.

1994లో భారత క్రికెట్ బోర్డు ఆయన పేర జీవితసాఫల్య పురస్కారమును నెలకొల్పెను. దానిని మొట్టమొదట అందుకొన్నవాడు, 1933లో బొంబాయిలో ఆయన ఎదుటికొసన నిలిచి ఆడిన లాలా అమరనాథ్.